మీ కాలేజీ పేరు తెలియని ఊళ్లో

భీమవరంలోనో వరంగల్‌లోనో చదువు ముగించి గురుగ్రామ్‌లో తొలి ఉద్యోగంలో చేరిన పిల్లలకు మొదటి వారంలోనే ఒక సంగతి తెలిసొస్తుంది. కాలేజీ పేరు చెబితే ఎదుటివాళ్ల ముఖంలో ఏ కదలికా ఉండదు. హైదరాబాద్‌లో అయితే అదే పేరుకు ‘మా తమ్ముడిదీ ఆ కాలేజీయే’ అనేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు. రిఫరల్ పెట్టే సీనియర్ ఉంటాడు, మాదాపూర్‌లో పనిచేసే బావ ఉంటాడు, అమీర్‌పేటలో కోర్సు చెప్పిన సార్ ఫోన్ చేస్తే ఎత్తుతారు. ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాల్లో ఇవేవీ ఉండవు. ‘సౌత్ నుంచి వచ్చాడు’ అన్న ఒక్క ముక్కతో పరిచయం ముగిసిపోతుంది.

చాలామంది దీన్ని పెద్ద లోటనుకుని దిగులు పడతారు. ఇక్కడి ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్లకు ఏళ్ల తరబడి శిక్షణ ఇస్తూ వచ్చిన నాకు మాత్రం ఇది మంచి అవకాశంగానే కనిపిస్తుంది. మీ గురించి ముందే ఎవరికీ ఏ అభిప్రాయమూ లేదు కాబట్టి, ఇకమీదట వాళ్లు అనుకునేదంతా మీ పని చూసే అనుకుంటారు. ‘ఈ అమ్మాయికి అప్పగిస్తే మళ్లీ మనం గుర్తుచేయక్కర్లేదు’ అని మీరు లేనప్పుడు నలుగురూ అనుకోవాలి. మొదటి రెండేళ్లలో సంపాదించుకోవాల్సింది ఆ నమ్మకం. జీతం, హోదా, కంపెనీ పేరు అన్నీ దాని తర్వాతే. అది ఎలా వస్తుందో, ఏ పనుల వల్ల పోతుందో ఈ అధ్యాయంలో చెబుతాను.

ముందు ఒక పాత కథ చెబుతాను. ఢిల్లీ మెట్రో పింక్ లైన్‌లో ధౌలాకువా దగ్గర ఒక స్టేషన్‌కు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ అని పేరు. రోజూ ఆ స్టేషన్ మీదుగా వెళ్లే మన పిల్లల్లో చాలామందికి ఆ దుర్గాబాయి రాజమండ్రి మనిషని తెలియదు. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అక్కడి ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర దుర్గాబాయి వాలంటీరు. వయసు 14. టికెట్ లేనివాళ్లను లోపలికి పంపొద్దని నిర్వాహకులు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ టికెట్ లేకుండా వచ్చారు, ఆమె ఆపేసింది. నిర్వాహకులు హడావిడిగా టికెట్ కొని తెచ్చాక దారి ఇచ్చింది.

ఈ కథను మనవాళ్లు ధైర్యానికి ఉదాహరణగా చెబుతుంటారు. ధైర్యమే, కాదనను. కానీ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు గమనించాల్సింది ఇంకొకటి ఉందని నాకనిపిస్తుంది. ఆమెకు అప్పగించింది చాలా చిన్న పని. ఎవరొచ్చినా ఆ పని ఒకేలా చేసింది. టికెట్ చేతికి రాగానే ఇంకో మాట లేకుండా పక్కకు తప్పుకుంది. పంతం లేదు, భయమూ లేదు. ఆ మహాసభలకు ముందే ఆమె స్వయంగా హిందీ నేర్చుకుని రాజమండ్రిలో ఆడపిల్లలకు హిందీ బడి నడిపింది. తర్వాత ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి వచ్చి, చిన్నప్పుడే ఆగిపోయిన చదువును మెట్రిక్ నుంచి మళ్లీ మొదలుపెట్టింది. 1942లో న్యాయశాస్త్ర పట్టా తీసుకుంది. 1946లో రాజ్యాంగ సభ సభ్యురాలిగా ఢిల్లీకి వచ్చింది. ఆ ద్వారం దగ్గర ఆగిన నెహ్రూ ప్రధానిగా ఉండగానే, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలైంది. కాకినాడ నుంచి అక్కడికి చేరడానికి 30 ఏళ్లు పట్టింది. ఆ మధ్య కాలంలో ఆమె చేసింది ముఖ్యంగా రెండే: ఒప్పుకున్న పని పూర్తి చేయడం, తనకు రానిది నేర్చుకోవడం.

అడగకముందే చెప్పండి

మన పిల్లల్లో నేను మళ్లీ మళ్లీ చూసే ఇబ్బంది పని రాకపోవడం కాదు. అడగలేక ఆగిపోవడం. ‘ఇంత చిన్న విషయం కూడా తెలియదా అనుకుంటారేమో’ అని నామోషీ. బడిలోనూ కాలేజీలోనూ ప్రశ్న అడిగినవాడిని వింతగా చూసిన అలవాటు ఉద్యోగంలోకీ వెంట వస్తుంది.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. చాలా చురుకైన పిల్ల. ఒక రిపోర్టు తయారు చేయమన్నారు. దానికి కావాల్సిన డేటాబేస్ యాక్సెస్ ఆమెకు లేదు. ఐటీ వాళ్లకు ఒక మెయిల్ పెట్టింది, జవాబు రాలేదు. మళ్లీ అడిగితే విసుక్కుంటారేమోనని ఊరుకుంది. మేనేజర్‌కు చెబితే ఫిర్యాదు చేసినట్టవుతుందేమోనని అదీ చేయలేదు. వారం దాటాక సమీక్షలో మేనేజర్ రిపోర్టు ఏదని అడిగితే ‘యాక్సెస్ రాలేదు సర్’ అంది. ‘ఎప్పట్నుంచి?’ అన్నాడాయన. ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు. యాక్సెస్ రాకపోవడం ఆమె తప్పు కాదు. వారం పాటు ఎవరికీ చెప్పకపోవడం మాత్రం ఆమె తప్పే.

ఆ తర్వాత ఆమె సాయంత్రం బయల్దేరే ముందు మేనేజర్‌కు నాలుగు వాక్యాలు రాయడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులోనే రాసేది, తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: ‘జూన్ అమ్మకాల ఫైలు సరిచూడటం అయింది. రెండు బ్రాంచిల లెక్కలు కలవడం లేదు, తేడా ఉన్న వరుసలకు పసుపు రంగు వేసి జతచేశాను. మిగతా డేటా కోసం నిన్న ఐటీకి రాశాను, జవాబు రాలేదు, మీరొక మాట చెబితే త్వరగా పని అవుతుంది. అది రేపు ఉదయానికి వస్తే గురువారం రిపోర్టు ఇస్తాను, లేకపోతే శుక్రవారం.’

ఇందులో గొప్ప భాషేమీ లేదు. కానీ ఏమైందో ఉంది, ఏది కుదరలేదో ఉంది, ఎవరు ఏం చేస్తే కదులుతుందో ఉంది, ఎప్పటికి చేతికొస్తుందో ఉంది. ముఖ్యంగా ఆ చివరి వాక్యం చూడండి. గడువు చెప్పింది, ఆ గడువు దేనిమీద ఆధారపడుతుందో కూడా చెప్పింది. రేపు ఆలస్యమైనా ఆమె మాట తప్పినట్టు కాదు. మేనేజర్ కూడా తన పైవాళ్లకు ఏం చెప్పాలో ముందే చూసుకోగలడు. కొన్ని నెలలకు క్లయింటుతో మాట్లాడే పని వచ్చినప్పుడు ఆయన అనుభవం ఉన్నవాళ్లను పక్కనపెట్టి ఆమెను కూర్చోబెట్టాడు. ఆమె ఏం చేసిందో, ఎంతవరకు చేసిందో ఆయనకు రోజురోజుకూ తెలుసు కాబట్టి.

అడగడానికీ ఒక పద్ధతి ఉంది. చిక్కు వచ్చిన క్షణంలోనే పక్కవాడి భుజం తట్టకండి. అలాగని సాయంత్రందాకా దానితోనే కుస్తీ పట్టకండి. ఒక గంట ప్రయత్నించి, ఏమేం చేసి చూశారో, ప్రతిసారీ ఏమైందో రాసుకుని అప్పుడు వెళ్లండి. ప్రయత్నం కనిపించే ప్రశ్నకు ఎంత విసుగు మనిషైనా జవాబు చెబుతాడు. అదే ప్రశ్న రెండోసారి అడగాల్సి రాకుండా జవాబు రాసిపెట్టుకోండి.

చాట్‌జీపీటీ లాంటి వాటి సాయం ఇప్పుడు అందరూ తీసుకుంటున్నారు, తీసుకోండి. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. కంపెనీ ఒప్పుకోని సాధనంలో కంపెనీ డేటా, కస్టమర్ల వివరాలు పెట్టకండి. అలాగే, అది రాసిచ్చిన ప్రతి వరుసా ఎందుకుందో మీరు నోటితో వివరించగలగాలి. ‘అదెందుకు పెట్టావు’ అని అడిగితే తెల్లముఖం వేసినవాళ్లకు రెండోసారి కష్టమైన పని ఎవరూ ఇవ్వరు. నేర్చుకునే దారి అక్కడే మూసుకుపోతుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీటింగుల్లో ఎవరూ ముందుకు రాని పని ఒకటుంటుంది, ఎవరేం ఒప్పుకున్నారో రాసి అందరికీ పంపడం. దాన్ని మీరు తీసుకోండి. అందరి మాటా శ్రద్ధగా వినక తప్పదు. అర్థం కానిది అడగడానికి మీకో కారణం దొరుకుతుంది. నెల తిరిగేసరికి ఆ ప్రాజెక్టులో ఏ పని ఎవరి దగ్గర ఆగిందో మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

హిందీ ఆరు నెలల్లో రావాలి

మెయిళ్లు ఇంగ్లీషులో నడుస్తాయి. అసలు మాటలు టీ దగ్గర, లిఫ్టులో, మీటింగు ముగిసి ల్యాప్‌టాప్‌లు మూసే ఆ నిమిషంలో నడుస్తాయి. ఎన్‌సీఆర్‌లో, అంటే ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఈ ప్రాంతమంతటా, ఆ మాటలు హిందీలోనే ఉంటాయి. హైదరాబాద్‌లో, తెలంగాణ పట్టణాల్లో పెరిగినవాళ్లకు చెవికి అలవాటుంటుంది. కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు మొదట్లో చాలా కష్టం, నవ్వుతారేమోనని నోరు విప్పరు. గేటు దగ్గర గార్డుతో, ఆటో డ్రైవర్‌తో, పీజీలో వంటాయనతో మొదలుపెట్టండి. క్రియలో స్త్రీ పురుష భేదం తప్పుతుంది, తప్పనివ్వండి. గౌరవం మాత్రం తప్పకూడదు. పెద్దవాళ్లతోనూ కొత్తవాళ్లతోనూ ‘ఆప్’ అనే మాట్లాడండి. ఒక సహోద్యోగిని ఎంచుకుని ‘నేను తప్పు మాట్లాడితే సరిదిద్దు’ అని అడిగి చూడండి. ఆ ఒక్క మాటతో స్నేహం కలిసిన సందర్భాలు ఎన్నో చూశాను.

నలుగురు తెలుగువాళ్లు దొరికితే వాళ్లతోనే గది, వాళ్లతోనే భోజనం, వాళ్లతోనే సెలవులు గడిపేయడం చాలా తేలిక. ఆదివారం అశోకా రోడ్డులో ఆంధ్రాభవన్ క్యాంటీన్ వరుసలో నిలబడితే మనసు కుదుటపడుతుంది, వెళ్లండి. గోల్ మార్కెట్ దగ్గర బాలాజీ గుడికి వెళ్లండి. ఆఫీసులో మధ్యాహ్న భోజనం మాత్రం మీ టీమ్‌తో చేయండి. మీ పనిని రోజూ చూసేవాళ్లు వాళ్లే.

ఆఫర్ లెటర్ చదవడం

ఏడాదికి 6 లక్షలంటే నెలకు 50 వేలు అని ఇంట్లో చెప్పేస్తారు. మొదటి జీతం పడ్డాక ఇంటా బయటా సంజాయిషీలు. ఒక లెటర్ తీసి లెక్క వేద్దాం. సీటీసీ, అంటే మీ మీద కంపెనీకి ఏడాదికయ్యే మొత్తం ఖర్చు, 6,00,000. అందులో 60,000 వేరియబుల్, అంటే కంపెనీ ఫలితాలను బట్టి, మీ రేటింగును బట్టి ఏడాది చివర వచ్చేది, ఒక్కోసారి తగ్గేది. మూల వేతనం ఏడాదికి 3,00,000, నెలకు 25,000. దానిమీద 12 శాతం చొప్పున కంపెనీ కట్టే పీఎఫ్ ఏడాదికి 36,000, అది కూడా సీటీసీలోదే. గ్రాట్యుటీ పేరుతో మూల వేతనంలో 4.81 శాతం, అంటే 14,430, అదీ లోపలే. ఇవి తీసేస్తే 4,89,570 మిగిలింది, నెలకు సుమారు 40,800. అందులోంచి మీ వాటా పీఎఫ్ 3,000 పోతే చేతికి 37,800 దగ్గర. కొన్ని కంపెనీలు పీఎఫ్‌ను 15,000 మీదనే లెక్కకట్టి 1,800తో ఆపుతాయి, అప్పుడు కాస్త ఎక్కువ వస్తుంది. ఢిల్లీ, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో వృత్తి పన్ను లేదు కాబట్టి హైదరాబాద్ జీతంలో కోసే 200 ఇక్కడ కోయరు. 2025–26 నుంచి కొత్త పన్ను విధానంలో జీతం 12.75 లక్షల దాకా ఆదాయపు పన్ను పడదు. ఇంట్లో చెప్పాల్సిన అంకె 37,800. ఇంటికి ఎంత పంపాలో, విద్యారుణం కిస్తీ ఎంత కట్టగలరో దాన్ని బట్టే చూసుకోండి.

గ్రాట్యుటీ మామూలు ఉద్యోగికి ఐదేళ్ల సర్వీసు నిండితేనే వస్తుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులకు ఏడాదికే వర్తిస్తుంది. మీది ఏ తరహా నియామకమో లెటర్‌లో చూసుకోండి. అదే కోడ్‌ల వల్ల ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి అయింది. ‘చేరాక ఇస్తాం’ అంటే చేరకముందే కావాలని మర్యాదగా అడగండి.

బాండ్ సంగతి. ‘బాండ్లు కోర్టులో చెల్లవు’ అని మన స్నేహితులు ధీమాగా చెబుతుంటారు. అది సగం నిజమే. ఉద్యోగం మానేశాక ఇంకెక్కడా పనిచేయకూడదనే షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. కానీ నిర్ణీత కాలానికి ముందే వెళ్తే ఇంత కట్టాలనే షరతు వేరు. మూడేళ్ల లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. కాబట్టి సంతకం పెట్టేముందే మొత్తం, కాలం చూసి ఆలోచించండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరు అడిగినా వదిలిపెట్టకండి. చూపించండి, నకళ్లు ఇవ్వండి, అసలువి వెనక్కి తెచ్చుకోండి.

ఎన్‌సీఆర్‌లో ఇంకో చిక్కుంది. గురుగ్రామ్ హర్యానాలో, నోయిడా ఉత్తరప్రదేశ్‌లో, మధ్యలో ఢిల్లీ. మెట్రోలో గంట ప్రయాణంలో మూడు ప్రభుత్వాల పరిధి దాటుతాం. జీతం బకాయి లాంటి వివాదం వస్తే మీరు పనిచేసే చోటు ఏ రాష్ట్రంలో ఉందో అక్కడి కార్మిక శాఖకే వెళ్లాలి. హర్యానాలో నెలకు 30 వేల లోపు ప్రైవేటు ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకే అన్న చట్టం 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది, దాన్ని పంజాబ్, హర్యానా హైకోర్టు 2023 నవంబరులో కొట్టేసింది. ఇప్పటికీ ఎవరైనా ఏజెంటు ఆ చట్టం పేరు చెప్పి ‘బయటివాళ్లకు కష్టం, నేను చూసుకుంటాను’ అంటే నమ్మకండి.

ఉద్యోగానికి ముందు మీ దగ్గర డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. రిజిస్ట్రేషన్ అన్నా, ట్రైనింగ్ ఫీజు అన్నా, ల్యాప్‌టాప్ డిపాజిట్ అన్నా ఒకటే. నోయిడా, గురుగ్రామ్‌లలో పోలీసులు ఇలాంటి దొంగ ఆఫీసులను పట్టుకున్న వార్తలు తరచూ వస్తూనే ఉంటాయి. కంపెనీ పేరును కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వెతకండి. మెయిల్ కంపెనీ సొంత చిరునామా నుంచి వచ్చిందో జీమెయిల్ నుంచి వచ్చిందో చూడండి.

ఇంకొకటి బాధతోనే చెప్పాలి. అమీర్‌పేట సందుల్లో రెండు మూడేళ్ల దొంగ అనుభవం అమ్మేవాళ్లున్నారు. ‘అందరూ పెడుతున్నారు’ అని పిల్లలు కొంటున్నారు. ఇప్పుడు పీఎఫ్‌కు యూఏఎన్ అని ఒకే నంబరు ఉంటుంది, ఏ కంపెనీలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేశారో అందులో వరసగా కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ముందు చూసేది దాన్నే. చేరిన ఆరు నెలలకు దొరికిపోయి, మధ్యాహ్నం బ్యాడ్జీ అప్పగించి వెళ్లిపోయిన పిల్లలను చూశాను. వాళ్లలో ఇద్దరు ముగ్గురు నిజంగా పని వచ్చినవాళ్లు. ఫ్రెషర్‌గానే చేరి ఉంటే ఏడాదిలో అదే చోటికి చేరేవాళ్లు.

ఎక్కడ దిగాలి

గది తీసుకోవడాన్ని ఇంటి విషయం అనుకుంటారు. నా దృష్టిలో అది ఉద్యోగ విషయం. లక్ష్మీనగర్‌లో అద్దె తక్కువని దిగి గురుగ్రామ్ సైబర్ సిటీలో పనికి వెళ్లే పిల్లల రోజు ఎలా ఉంటుందో చూడండి. బ్లూ లైన్‌లో రాజీవ్ చౌక్, అక్కడ ఆ జనంలో యెల్లో లైన్‌కు మారాలి, సికందర్‌పుర్‌లో దిగి మళ్లీ ర్యాపిడ్ మెట్రో. అటు గంటన్నర, ఇటు గంటన్నర. ఇంటికొచ్చి పుస్తకం తెరిచే ఓపిక ఎక్కడిది? మొదటి ఏడాది మీ ఆఫీసున్న లైన్‌లోనే, మారే అవసరం లేకుండా, వీలైతే అరగంటలో చేరేలా గది చూసుకోండి. రెండు మూడు వేలు ఎక్కువైనా పరవాలేదు. నెలకు మిగిలే ఆ గంటల్లోనే మీరు హిందీ నేర్చుకుంటారు, కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటారు, నిద్రపోతారు.

మొదటి నెల పీజీలో ఉండి, ఆఫీసువాళ్లను అడిగి, ఆ తర్వాతే ఫ్లాట్ సంగతి చూడండి. అద్దె ఒప్పందం సాధారణంగా 11 నెలలకు రాస్తారు. డిపాజిట్ ఎంతో, ఖాళీ చేసేటప్పుడు ఎంత కోస్తారో అందులో రాయించుకోండి. పోలీసు వెరిఫికేషన్ అంటే కంగారు పడకండి, ఇక్కడ అది మామూలే. నవంబరు వస్తే పొగమంచు, పొగ కలిసి గొంతు పట్టేస్తుంది. గాలి మరీ చెడితే కాలుష్య నియంత్రణకు పెట్టే గ్రాప్ ఆంక్షల కింద ఆఫీసులు ఇంటినుంచి పని ఇస్తాయి. అందుకని పీజీలో ఇంటర్నెట్ ఎలా ఉందో ముందే చూసుకోవాలి. రజాయి దీపావళికి ముందే కొనుక్కోండి.

ఆడపిల్లలు రాత్రి షిఫ్టు ఉంటే ఇంటిదాకా కారు ఇస్తారా అని చేరకముందే రాతపూర్వకంగా అడగాలి. పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. కమిటీలో ఎవరున్నారో మొదటి వారంలోనే తెలుసుకోండి. ఇంటర్న్‌లకూ ఈ రక్షణ ఉంది. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. ‘కొత్తగా చేరాను కదా’ అని సహించవద్దు. నమ్మకం సంపాదించమని చెప్పిన ఈ అధ్యాయంలో ఆ మాటకు అర్థం అణిగి ఉండమని కాదు.

రాజిందర్ నగర్ నుంచి వచ్చేవాళ్లకు

సివిల్స్ కోసం ఓల్డ్ రాజిందర్ నగర్‌లోనో ముఖర్జీ నగర్‌లోనో మూడు నాలుగేళ్లు గడిపి, ఇక చాలనుకుని ఉద్యోగం వెతికే తెలుగు పిల్లలు ఇక్కడ ఎందరో. వాళ్ల రెజ్యూమెలో ఆ ఏళ్లు ఖాళీగా కనిపిస్తాయి, వాళ్లే ముందు తలదించుకుంటారు. దాచకండి. ఏ దశ దాకా వెళ్లారో సూటిగా రాయండి. ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఎంపిక కానివాళ్ల వివరాలను, వాళ్లు ఒప్పుకుంటే, ఉద్యోగాలిచ్చే సంస్థలకు చూపించే పద్ధతిని యూపీఎస్సీయే నడుపుతోంది. 2018లో మొదలైన ఆ పథకం ఇప్పుడు ప్రతిభా సేతు అనే పేరుతో ఉంది. అక్కడిదాకా వెళ్లనివాళ్లకూ ఒక బలం ఉంది. పెద్ద విషయాన్ని ఒక పేజీలోకి కుదించి రాయడం వాళ్లకు వచ్చినట్టు ఇంజినీరింగ్ పిల్లలకు రాదు. ఎంపీల దగ్గర శాసన సహాయకులుగా పనిచేసే ల్యాంప్ ఫెలోషిప్, విధాన పరిశోధన సంస్థలు, ప్రభుత్వ పథకాల మీద పనిచేసే కన్సల్టింగ్ కంపెనీలు సరిగ్గా ఆ పని కోసమే మనుషులను వెతుకుతుంటాయి. వాటిలో చాలావరకు ఢిల్లీలోనే ఉన్నాయి. దరఖాస్తుతో పాటు మీరు రాసిన రెండు పేజీల నోట్ ఒకటి జతచేయండి. సర్టిఫికెట్ల కంటే దాన్నే ముందు చదువుతారు.

మానేసేటప్పుడు

ఎప్పుడో ఒకప్పుడు తొలి ఉద్యోగం మానేస్తారు, మానేయాలి కూడా. నేర్చుకునేది ఆగిందని ఆరు నెలలుగా అనిపిస్తుంటే, మేనేజర్‌ను కొత్త పని అడిగినా దొరకకపోతే, అప్పుడు బయట చూడండి. పక్కవాడికి 30 శాతం పెరిగిందని కాదు. వెళ్తున్నానని మొదట మేనేజర్‌కు ముఖాముఖి చెప్పి, ఆ తర్వాతే మెయిల్ పెట్టండి. నోటీసు కాలం ఎంత ఉంటే అంతా పనిచేయండి. మీ తర్వాత వచ్చేవాళ్లకు ఏ ఫైలు ఎక్కడుందో, ఏ పని ఎవరి దగ్గర ఆగి ఉందో రాసిపెట్టండి. ఎన్‌సీఆర్ పెద్దదే కానీ ఒక్కో రంగంలో మనుషులు కొద్దిమందే. సైబర్ సిటీలో మీ పక్కన కూర్చున్నాయన రెండేళ్లకు నోయిడా సెక్టార్ 62లో మిమ్మల్ని ఇంటర్వ్యూ చేయొచ్చు.

రెండు ఆఫర్లు చేతిలో పెట్టుకుని చివరిరోజు దాకా ఇద్దరికీ వస్తానని చెప్పే అలవాటు మనవాళ్లలో బాగా ఉంది. వద్దనుకున్నవాళ్లకు నిర్ణయించుకున్న రోజే చెప్పేయండి.

రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం, చివరి మూడు నెలల పే స్లిప్పులు మీ సొంత మెయిల్‌లో దాచుకోండి. కంపెనీ మెయిల్ చివరిరోజు సాయంత్రమే మూసేస్తారు. పైన చెప్పిన లేబర్ కోడ్‌లలో ఒకటైన వేజ్ కోడ్ ప్రకారం మీకు రావాల్సిన వేతనం మానేసిన రెండు పనిదినాల్లో చెల్లించాలి, రాకపోతే హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా అడగండి. పీఎఫ్ డబ్బు తీసేయకండి, కొత్త ఖాతాకు మార్పించుకోండి. ఐదేళ్లు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది, పెన్షన్ సొమ్మూ తీసేస్తే దానికి కావాల్సిన పదేళ్ల సర్వీసు లెక్కా మొదటికొస్తుంది. యూఏఎన్ పోర్టల్‌లో పాత కంపెనీ మీ చివరి తేదీ నమోదు చేసిందో లేదో చూసుకోండి. అది పడకపోతే మార్పిడి ఆగిపోతుంది. పాత కంపెనీ నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే పోర్టల్‌లో ఆ తేదీ నమోదు చేసుకోవచ్చు. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరుకు ఓటీపీ వస్తుంది కాబట్టి ఊరు మారినా ఆ సిమ్ పారేయకండి.